హంపీ లక్ష్మీనరసింహ శిలావిగ్రహము: నామవిచారము

విజయనగర శిథిలములను దర్శించి వచ్చినవారిని ‘అచ్చట మీరు చూచినవానిలో ముఖ్యమైనవేవి?’ యని యడిగినచో, విఠ్ఠలాలయములోని రాతిరథమును, విరూపాక్షుని గోపురమును చెప్పిన పిదప వారు తప్పక పేర్కొనునది ‘ఉగ్రనరసింహుడు’. పటముల క్రింద నదియే పేరు. బాలురకై వ్రాయబడిన చరిత్రములందును తఱచుగ నదియే పేరు. తరగతిలో కృష్ణదేవరాయల కాలమును బోధించు పండితుడును, ఆ విగ్రహపు వెడల్పైన నోటిని, గ్రుడ్లుబికిన కన్నులను వర్ణించి, ‘ఇది యుగ్రమూర్తి’ యని ముగించును. నేనును పెక్కేండ్లు అట్లే చెప్పితిని. అందుచేత నీ వ్యాసమున నెవరినైన తప్పుపట్టవలసి వచ్చినచో, మొదట పట్టవలసినది నన్నే.

ఈ పేరు విగ్రహమును నిలిపినవారు పెట్టినది కాదు; విగ్రహము విఱిగిన పిమ్మట దానికి వచ్చినది. పేరులో నేమున్నదని కొందఱనవచ్చును. శిలయు శాసనమును గాక వేఱు సాక్ష్యము లేనిచోట పేరే వ్యాఖ్యానమగుచున్నది. పేరు తప్పినపుడు మూర్తిలక్షణమును, ప్రతిష్ఠాపకుని యాశయమును, కట్టకడకు శిథిలమును బాగుచేయువారి పనియు తప్పుదారి పట్టును. ఈ విగ్రహము విషయమున నీ మూడును జరుగుటకు తావు కలిగినది. కావున దీనిని కొంత విరివిగా విచారింతును.

విగ్రహమున్నచోటు పెక్కండ్రకు తెలిసినదే. హంపీనుండి కమలాపురమునకు పోవు దారిలో, కృష్ణస్వామి యాలయమునకు నైరృతిదిక్కున, ప్రాకారమధ్యమున నిది కలదు. ఎత్తు సుమారు 22 అడుగులు, అనగా 6.7 మీటర్లు. ఒక్కటే బండ. దానిని వేఱొకచోటనుండి తెచ్చి నిలుపలేదు; అచ్చటనే యున్న గుండును మలచి మూర్తిని తీసిరి. ఆదిశేషుని చుట్టలపై స్వామి కూర్చుండియున్నాడు. తలపై నేడు పడగలు ఛత్రమువలె విప్పుకొనియున్నవి. వానిపై మకరతోరణము, తోరణశిఖరమున సింహముఖము. చతుర్భుజములును విఱిగినవి. ఒడిభాగము మిక్కిలి దెబ్బతిన్నది. జూలు, కిరీటము, కంఠహారములు మాత్రము శిల్పి చేతిపనిని నేటికిని చూపుచున్నవి.

హంపీలో నేకశిలామూర్తులను మలచుట దీనితో మొదలుకాలేదు. హేమకూటమునకు దక్షిణమున నున్న రెండు గణపతి విగ్రహములు ప్రసిద్ధములు. అందొక దానిని క్రీ. శ. 1506వ సంవత్సరమున చంద్రగిరి వర్తకుడొకడు గతించిన నరసింహరాయల స్మృత్యర్థము కట్టించెనని యచ్చటి శాసనము తెలుపుచున్నది. ఆ విగ్రహమును ప్రజలు ‘సాసివెకాళు గణపతి’ యనియు, రెండవదానిని ‘కడలెకాళు గణపతి’ యనియు పిలుతురు. ఆవగింజ గణపతి, సెనగగింజ గణపతి యని వాని యర్థము. నరసింహవిగ్రహమునకు కొన్ని యడుగుల దూరముననే యున్న పది యడుగుల లింగమును ‘బడవి లింగ’మందురు, పేదరాలి లింగమని భావము. ఈ పేరులను నేనిచ్చట చెప్పుటకు కారణము ముందు తెలియగలదు.

ఇక శాసనము. నరసింహవిగ్రహముకడ నున్న శిలాశాసనము శాలివాహనశకము 1450, సర్వధారి సంవత్సరమునకు, అనగా క్రీ. శ. 1528కి చెందినది. కృష్ణదేవరాయలు ఆర్య కృష్ణభట్టుచే నీ దేవుని ప్రతిష్ఠింపజేసి, పూజాదికములకై భూమి నిచ్చెనని దాని సారాంశము. అందు దేవుని పేరు లక్ష్మీనరసింహుడు. ఉగ్రనరసింహుడు కాదు. రాయలు 1529లో పరమపదించెను. కావున నీ ప్రతిష్ఠ యాతని రాజ్యకాలపు చివరి కార్యములలో నొకటి. ‘పోర్చుగీసు యాత్రికుడు దీనిని వర్ణింపలేదేమి?’ యని యొక విద్యార్థి నన్ను ప్రశ్నించెను. డొమింగో పాయెస్ విజయనగరమును చూచినది 1520 ప్రాంతమున. అప్పటికీ బండ బండగనే యున్నది.

శాసన మొక్కటియే యున్నచో, ‘శాసనమున నట్లు వ్రాసిరి గాని శిల్పి చెక్కినది వేఱు’ అని వాదించుట కవకాశముండెడిది. శాసనము నొక మూర్తికిని, దాని ప్రక్కమూర్తి నొక శాసనమునకును తగిలించుట మన దేశమున క్రొత్త కాదు. కాని యిచ్చట రెండవసాక్షి శిలయందే కలదు. స్వామి వెన్నువైపున నొక చేయి చెక్కబడియున్నది. అది స్వామిచేయి కాదు. పరిమాణమున చిన్నది, స్త్రీహస్తము, వెన్నును చుట్టి యాలింగనము చేసికొనుచున్న చేయి. ఎడమతొడపై కూర్చుండిన లక్ష్మీదేవి విగ్రహము విఱిగి రాలిపోయినది. ఆమె చేయి మాత్రము స్వామి మేనికంటి మిగిలినది. ఎదుట నిలిచి చూచువారికి నోరును కోఱలును కనబడును. వెన్నువైపు చూచినవారికి ఈ చేయి కనబడును. ఉగ్రనామము ఎదుటనుండి చూచినవారు పెట్టిన నామమని నా యభిప్రాయము.

ఈ చేతికి శిల్పశాస్త్రరీత్యా నెంత విలువ కలదో పురాణరీత్యా నంతకన్న నెక్కువ కలదు. భాగవత సప్తమస్కంధమును బోధించిన పండితులకు దీనిని వివరింప నక్కఱలేదు. హిరణ్యకశిపుని వధించిన పిదప స్వామికోపము శమింపలేదు. బ్రహ్మరుద్రాదులు దూరముననుండి స్తుతించిరి. దేవతలు లక్ష్మీదేవిని దగ్గఱకు పొమ్మని వేడిరి. ఆమె మున్నెన్నడు చూచియు వినియు నెఱుగని యా రూపమును చూచి శంకించి దగ్గఱకు పోలేదు. పోయినవాడు ప్రహ్లాదుడు, బాలుని శిరమున స్వామి చేయి మోపినపిదపనే యుగ్రత్వము శాంతించెను. అనగా పురాణము మనకు చెప్పుచున్నదేమనగా, స్వామి యుగ్రుడై యున్నంతసేపు లక్ష్మి సమీపమున లేదు; లక్ష్మి యున్నచో నుగ్రత్వము తీఱినదనుటయే. ఆమె తొడపై కూర్చుండి వెన్నును కౌగిలించికొన్న మూర్తిని ‘ఉగ్రుడు’ అనుట సప్తమస్కంధకథను తలక్రిందులు చేయుట.

అహోబలప్రాంతమున చెంచులు చెప్పుకొను కథకును దీనికిని దూరము లేదు. కొండలలో సంచరించుచున్న స్వామి చెంచులక్ష్మిని చూచి శాంతించి యామెను వరించెనని కదా మన జనుల వాడుక. సంస్కృత పురాణమున బాలుడు చేసినపనిని తెలుగు కొండలలో పడతి చేసినది. స్వామి యంతమున నొక యాత్మీయస్పర్శచే చల్లబడుట మాత్రము రెంటను సమానము. అహోబలనృసింహుల తొమ్మండ్రలో ‘మాలోలుడు’ అను పేరునకు అర్థమే లక్ష్మియం దాసక్తుడని. ఎఱ్ఱన నృసింహపురాణమునకు విషయమైన యా క్షేత్రమున నుగ్రమూర్తియు శాంతమూర్తియు వేఱువేఱు స్థానములందు వేఱువేఱు నామములతో పూజింపబడుచున్నవి. మనవారికి వాని భేదము తెలియక పోలేదు.

మూడవసాక్షి శేషుడు. టి. ఏ. గోపీనాథరావు గారు 1914లో ప్రకటించిన హిందూ ప్రతిమాశాస్త్ర గ్రంథమున నరసింహభేదములను వివరించిరి. గిరిగుహనుండి వెలువడి కూర్చుండినట్టి గిరిజనరసింహుడు. స్తంభమునుండి వెలువడి దైత్యుని చీల్చు స్థౌణనరసింహుడు. గరుడునిమీదగాని శేషుని చుట్టలపైగాని కూర్చుండి, పడగనీడనుండు యానకనరసింహుడు. వీనిలో నుగ్రకార్యమును చూపునది స్థౌణమూర్తి. అందు తొడలపై నుండువాడు హిరణ్యకశిపుడు. స్వామిచేతులలో కొన్ని వాని కడుపును చీల్చుటయందు ప్రవర్తించియుండును. హంపీమూర్తియందు దైత్యుడు లేడు, స్తంభము లేదు. శేషుని చుట్టలు, ఏడుపడగలు, ఛత్రము, తోరణము కలవు. ఇవి కొలువుతీర్చిన ప్రభువు చిహ్నములు, పోరాడుచున్నవానివి కావు. శాసనమొకటి, వెన్నుమీది చేయి రెండు, పడగలు మూడు: సాక్షులు మువ్వురును ఏకవాక్యముగ పలుకుచున్నారు.

ఐన నుగ్రనామ మెట్లు వచ్చినది? వ్రాతప్రతులతో పనిచేసినవారి కిది సులభముగా బోధపడును. తాటియాకు చెదలుతిని పద్యపాదమున గ్రంథపాత మేర్పడినపుడు, తరువాతి లేఖకుడు తనకు తోచిన పదమును పూరించును. ఆ మీది వ్యాఖ్యాత యా పూరించిన పదమునకే ధ్వనిని చెప్పును. మూడవతరమువాడు ఆ ధ్వనిని కవిహృదయమని ప్రశంసించును. హంపీవిగ్రహమున గ్రంథపాతము లక్ష్మీదేవి. ఆమె పోగా మిగిలినది సింహముఖము, విఱిగిన చేతులు, గాయపడిన యొడి. ఆ శిథిలతను చూచి భయపడిన కన్ను ‘ఉగ్ర’ అని పూరించినది. శిల్పి చెక్కిన భయము కొంత. సుత్తెదెబ్బలు చెక్కిన భయము చాల. ఈ రెండవదానిని మొదటిదాని ఖాతాలో వ్రాసితిమి.

రాబర్టు సూయెల్ 1900లో ప్రకటించిన విజయనగర చరిత్రమున నీ విగ్రహమును గూర్చి చెప్పినచోట నిది విష్ణువు యొక్క నరసింహావతారమని మాత్రమే వ్రాసెను; ఉగ్రశబ్దము నచ్చట వాడలేదు. శాసనకాలమును, కృష్ణస్వామియాలయపు నైరృతికోణమును, భూదానమును క్లుప్తముగ తెలిపి యూరకొనెను. తరువాతివారు ఆతని పంక్తులను తీసికొని పేరునుమాత్రము తమవలన చేర్చిరి.

మున్ను చెప్పిన కన్నడనామముల ప్రస్తావన కిపుడు వత్తము. ‘సాసివెకాళు గణపతి’ యను పేరును విని, ఆ విగ్రహమును ఆవగింజలతో నర్చింపవలెనని యాగమమున్నదని యెవ్వడును వ్రాయలేదు. ‘బడవి లింగ’మనుటచే నొక పేదరాలు దానిని ప్రతిష్ఠించెనని చరిత్రకారు డెవ్వడును నిశ్చయింపడు. జనులు పెట్టిన పేరులవి, ముద్దుగానున్నవి, ఉండనిండు అందుము. ‘ఉగ్రనరసింహుడు’ అనునదియు నట్టిదే. కాని యిది సంస్కృతపదము. ఆగమములందు కనబడు పదము. అందువలన నిది జనవ్యవహారమని తోచక శాస్త్రసంజ్ఞ యని తోచును. పండితుడు దేశ్యనామమును శంకించును, సంస్కృతనామమునకు నమస్కరించును. మనము మోసపోయిన తావు ఇదియే.

నాకు పరిచితుడైన యొక పండితమిత్రు డీ విషయమున రెండాక్షేపణలు తెచ్చెను. మొదటిది: కన్నులు గ్రుడ్లుగ నుబికియున్నవి, నోరు తెఱచియున్నది, కోఱలున్నవి, ఇది శాంతమెట్లగును? దీనికి సమాధానము, సింహముఖమున కవి సహజములని. లక్ష్మీనరసింహ విగ్రహములలో ననేకములందు కోఱలు కలవు, తెఱచిన నోరు కలదు. ముఖమునుబట్టి మూర్తిభేదమును నిర్ణయించుచో నరసింహులందఱును ఉగ్రులే కావలెను, భేదమే యుండదు. ఆసనమును, హస్తవిన్యాసమును, పరివారమును బట్టి భేదము. అదియుగాక ఇరువది రెండడుగుల యెత్తున నుంచి క్రిందనుండి చూడదగిన ముఖమును చెక్కు శిల్పి కన్నులను ఉబ్బించి లోతుగ గీయక తప్పదు. లేనిచో నవి దూరమునకు కనబడవు. రెండవయాక్షేపము: నృసింహమంత్రమున స్వామిని ఉగ్రుడనియే మొదట స్మరింతురు కదా యని. నిజమే, అదే మంత్రమున భీషణుడనియు, వెంటనే భద్రుడనియు కలదు. అన్నియు నొకస్వామి గుణములే. మంత్రమున నుగ్రశబ్దముండుటచే ప్రతినృసింహవిగ్రహమును ఉగ్రనృసింహమనవచ్చునన్నచో, ఆ మంత్రముననే యున్న భద్రశబ్దముచే భద్రనృసింహమనియు ననవచ్చును. అపుడు వాదము చెల్లినది. మిత్రుడు దీనికి నవ్వి యూరకుండెను. ఒప్పుకొనెనో లేదో తెలియదు.

ఇంతకన్న చిక్కైనది యోగపట్టపు సంగతి. ఇపుడు విగ్రహమున రెండు మోకాళ్ళను కలుపుచు నొక రాతిపట్టిక యున్నది. దానిని చూచి కొందఱు ఇది యోగనరసింహుడని వ్రాయుచున్నారు. ఆ పట్టిక, యిపుడు మన మెదుట కనబడునట్టిది, పురావస్తుశాఖవారు ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున జీర్ణోద్ధారము చేసినపుడు క్రొత్తరాతితో నమర్చినది. గాయపడిన కాళ్ళకు నాధారముగ నుండుటచే నది యుపయోగించుచున్నది. ఆ పనివారిని నే నాక్షేపింపను. బండ నిలువవలెనన్న నేదో యొకటి చేయక తీఱదు. కాని పరిష్కర్త పూరించిన పాఠమును కుండలీకరణములలో చూపుట మన సంప్రదాయము. రాతికి కుండలీకరణములు లేవు. కాలము గడచినకొలది క్రొత్తరాయి పాతరాతి వన్నెకు తిరుగును. చూచువారికి రెండు నొకటియగును. అందుచే నా పట్టికమీద నొక సిద్ధాంతమును నిలిపి, ‘ఇది యోగమూర్తి, యోగమూర్తికి తొడపై దేవి యుండదు, కాన లక్ష్మి యెన్నడును లేదు’ అని వాదించుట క్రొత్తరాతితో శాసనమును కొట్టివేయుటయే. ఒక పేరు విఱుగుటవలన పుట్టినది, రెండవపేరు అతుకుటవలన పుట్టినది. చెక్కుటవలన పుట్టిన పేరు నొక్కదానినే మనము మఱచితిమి.

ఇక ప్రతిష్ఠాపకుని యాశయమునుగూర్చి. ‘ఉగ్ర’ యను పేరు నంగీకరించినచో కొన్ని యూహలు తమంతట పుట్టుకొని వచ్చును. 1524లో పట్టము కట్టిన బాలకుమారుడు తిరుమలరాయడు స్వల్పకాలముననే మరణించెను. ఆ మరణమునకు సాళువ తిమ్మరుసు కారకుడని శంకించి రాయలు ఆతని కన్నులు తీయించెనని న్యూనిజ్ వ్రాసియున్నాడు. ఇట్టి దుఃఖకోపముల మధ్య 1528లో నుగ్రమూర్తిని నిలిపెను, ఆ విగ్రహమే రాయల హృదయము, అని యొకరు నాటకీయముగ వ్రాయదలచిన వారి నాపుట కష్టము. కథ రమ్యముగ నుండును. కాని యాధారము పేరొక్కటియే, పేరు తప్పు. శాసనమున నున్న పేరును తీసికొన్నచో దుఃఖితుడైన రాజు నిలిపినది దేవీసమేతుని అని మాత్రమే తేలును. దానిమీద నెవరైన వేఱొక కథను కట్టదలచినచో వారినిగూడ నేను హెచ్చరింతును. భూదానశాసనము హృదయపత్రిక కాదు.

ఆధారముతో చెప్పదగినది వేఱున్నది. నరసింహునియందు రాయల భక్తి 1528లో నాకస్మికముగ పుట్టినది కాదు. కళింగదండయాత్రలో కొండవీటిని గెలిచిన పిదప 1515లో నాత డహోబలమును దర్శించి స్వామికి ఆభరణములు సమర్పించెను. 1516లో సింహాచలమును దర్శించి యచ్చటి వరాహనరసింహునకు ఆభరణములను సమర్పించెను. ఈ రెండును తెలుగునాట శాసనములయందు నిలిచియున్న సంగతులు. ఆతని తండ్రి తుళువ నరసనాయకుడు, అన్న వీరనరసింహరాయలు, వారికి పూర్వప్రభువైన సాళువ నరసింహుడు, అందఱును స్వామి పేరింటివారే. అందుచే నా వంశమువారికి నరసింహుడు క్రొత్తదేవర కాడు.

కృష్ణస్వామియాలయముతో దీనిని పోల్చిన నొకవిశేషము తోచును. ఉదయగిరిదుర్గము 1514లో రాయలకు చిక్కినది. అచ్చటి బాలకృష్ణవిగ్రహమును విజయనగరమునకు తెచ్చి, 1515లో నాలయమున ప్రతిష్ఠించెను. ఆ విగ్రహ మిపుడు చెన్నపట్టణపు ప్రభుత్వవస్తుప్రదర్శనశాలలో నున్నది. అది గెలిచి తెచ్చిన దేవుడు. దానికి పదుమూడేండ్లకు, ఆ యాలయపు మూలనే, ఎచ్చటినుండియు తేబడక యున్నబండలోనుండి వెలువడిన దేవుడు లక్ష్మీనరసింహుడు. తెచ్చినవానిని మరల నితరులు కొనిపోయిరి. ఉన్నచోట మలచినవానిని ఎవ్వరును కొనిపోలేకపోయిరి, కాన పగులగొట్టిరి.

ఆముక్తమాల్యదను చదివినవారికి మఱియొక సంబంధము స్ఫురింపవచ్చును. ఆ ప్రబంధమున కథానాయిక గోదాదేవి. గమ్యము శ్రీరంగనాథునితో నామె కల్యాణము. శ్రీవైష్ణవసిద్ధాంతమున జీవునిపక్షమున స్వామికి విన్నవించునది శ్రీదేవి, దీనినే పురుషకారమందురు. దేవిని విడిచిన దేవునకు శరణాగతి చెల్లదన్నంతవఱకు నా మతము పోవును. అట్టి కావ్యము వ్రాసిన ప్రభువు తాను నిలిపిన మహావిగ్రహమున దేవిని తొడపై నుంచుట యుచితముగనే యున్నది. రాయలు మాధ్వగురువైన వ్యాసతీర్థులను సన్మానించి దానము లిచ్చినవాడును గనుక నే నీ మాటను సిద్ధాంతముగ చెప్పను. శాసనము చెప్పినదానికి కావ్యమున విరోధము లేదని మాత్రము చెప్పుదును.

విగ్రహభంగమునుగూర్చి రెండుమాటలు. 1565 జనవరి 23న రాక్షసి తంగడి యుద్ధమున నళియ రామరాజు కూలినపిదప రాజధాని పాడైనది. ఆ సమయమున గాని తరువాత గాని మహమ్మదీయసైనికు లీ విగ్రహమును చెఱచి యుందురని సూయెల్ వ్రాసెను. ఆతడు ‘బహుశః’ అను నర్థమిచ్చు మాటను వాడెను. ఆతని ననుసరించినవారిలో పలువు రా మాటను విడిచిరి. ‘బహుశః’ పోయినచో నూహ చరిత్రమగును. లక్ష్మి పోయినచో శాంతుడుగ్రుడగుట వంటిదే యిదియు. నగరమున జరిగిన విధ్వంసము సర్వత్ర నొకరీతిగ లేదనియు, వైష్ణవాలయములకు తగిలిన దెబ్బ శైవాలయములకు తగులలేదనియు హంపీమతసంప్రదాయములపై 1995లో అనిలా వర్గీస్ ప్రకటించిన గ్రంథము మొదలగువానిలో చర్చింపబడినది. విరూపాక్షుని పూజ నేటివఱకు సాగుచున్నది. నరసింహుని కొన్ని యడుగుల దూరమున, కాలువనీటిలో పాదము మునిగియున్న బడవి లింగము చెక్కుచెదరక నిలిచినది. ఒక్క సుత్తెపట్టునకు రెండును అందునంతటి దూరము. ఇది యెట్లయినదో విచారించువారు సుత్తె పట్టినవా డేమి యెంచుకొని కొట్టెనని యడుగవలెను గాని, కన్ను మిన్ను కానక కొట్టెనని తేల్చివేయరాదు.

ఇపుడు చేయవలసినదేమి? విఱిగిన దేవిని క్రొత్తగా చెక్కించి తొడపై నుంచవలెనని కొంద ఱుత్సాహపడవచ్చును. నేను దానికి సమ్మతింపను. ఆమె ముఖ మెట్లుండెనో, ఎడమచేత నేమి దాల్చెనో మనకు సాక్ష్యము లేదు. యోగపట్టమువలన కలిగిన చిక్కే చాలును. మిగిలిన చేతిని కాపాడిన చాలును. ఆ చేతిని గూర్చి దర్శకులకు తెలియజేసిన చాలును. జనులు ఉగ్రనరసింహుడని పిలిచినచో పిలువనిండు. సాసివెకాళు గణపతి నట్లే పిలుచుచున్నారు. పాఠ్యపుస్తకములందును, పటములక్రిందను, పరిశోధనవ్యాసములందును మాత్రము శాసననామము ముందుండవలెను. ‘హంపీ లక్ష్మీనరసింహవిగ్రహము, శా. శ. 1450, వాడుకలో నుగ్రనరసింహుడు’ అని యొకపంక్తి వ్రాసిన చాలును. విద్యార్థులను హంపీకి తీసికొనిపోవు పండితులు, వారి నెదుటనే నిలిపి కోఱలను చూపి మరలింపక, ప్రక్కకు నడిపించి వెన్నుమీది యా వ్రేళ్ళను చూపవలెనని కోరుచున్నాను.